రాయి దిగేదాకా

నేను బస్సు కండక్టర్‌ని. గద్వాల నుంచి వనపర్తి మీదుగా నాగర్‌కర్నూల్ పోయి తిరిగి వచ్చే బస్సులో నా డ్యూటీ. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే నీళ్లు తాగకుండా ఉండడం అలవాటు చేసుకున్నాను. మగవాళ్లకైతే దారిలో ఏ గోడ చాటైనా సరిపోతుంది. మాకు అట్లా కుదరదు. బస్టాండులో దిగితే మరుగుదొడ్డి దాకా పోయి రావడానికి టైముండదు. టైమున్న రోజు లోపల కాలు పెట్టేటట్టుండదు. అందుకని పొద్దున ఇంట్లో ఒక చాయ్ తాగి బయలుదేరితే, మళ్లీ ఇల్లు చేరాకే కడుపునిండా నీళ్లు తాగేదాన్ని. గొంతు మరీ ఎండితే ఒక గుక్క పుక్కిలించి ఊసేసేదాన్ని. నాతో పనిచేసే ఆడవాళ్లందరూ అంతే కాబట్టి దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు.

పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం. గద్వాలలోనే బస్సు నిండిపోయింది. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చినప్పటి నుంచి కూర్చునేవాళ్లకన్నా నిలబడేవాళ్లే ఎక్కువ. డబ్బులు తీసుకోకపోయినా టికెట్ మాత్రం కొట్టి ఇవ్వాలి. మనుషుల మధ్య నుంచి దూరుకుంటూ వెనక్కి పోతున్నాను. ఎర్రవల్లి చౌరస్తా దాటి హైవే ఎక్కేసరికి కుడివైపు, పక్కటెముకల కింద, వీపు వైపుగా ఏదో పట్టేసినట్టయింది. గ్యాస్ అనుకున్నాను. పొద్దున అన్నంలో కలుపుకున్న పచ్చిమిరపకాయల తొక్కు గుర్తొచ్చింది. నిలబడ్డ చోటే నడుము అటూ ఇటూ తిప్పి చూశాను. తగ్గలేదు.

బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన మీదికి వచ్చేసరికి, లోపల ఎవరో తడిబట్టను మెలిపెట్టి పిండుతున్నట్టు ఉంది. ఊపిరి అందలేదు. చేతిలో టికెట్ మిషన్ ఉండగానే పైకమ్మీని రెండు చేతులా పట్టుకున్నాను. ఎదురుగా సీట్లో ఉన్నామె ఆధార్ కార్డు చూపిస్తూ ఏదో అంటోంది. ఆమె పెదవులు కదలడం కనబడుతోంది కానీ మాట వినబడడం లేదు.

కార్డు పక్కన పెట్టి ఆమె నా మోచేయి పట్టుకుంది. "ఏంది మేడమ్, గట్ల చెమటలు కారుతున్నయ్? ఏమైతుంది?"

లేచి నన్ను తన సీట్లో కూర్చోబెట్టింది. కూర్చుంటే నొప్పి ఇంకా ఎక్కువైంది. నిలబడ్డాను. అదే నొప్పి. ముందుకు వంగాను, పక్కకు ఒరిగాను. ఏ తీరుగా ఉన్నా లాభం లేదు. ఇద్దరు పిల్లలను కన్నదాన్ని. ఆ నొప్పులకు మధ్యలో కాస్త తెరిపి ఉండేది. ఇది ఊపిరి తీసుకోనిస్తే కదా.

ఆ కాసేపట్లో నా తలలోకి వచ్చినవన్నీ చెడ్డ ఆలోచనలే. అపెండిక్స్ పగిలిందేమో. గర్భసంచిలో గడ్డ ఉందేమో. మా వాడలో నా వయసు ఆడవాళ్లు చాలామంది గర్భసంచి తీయించుకున్నారు. కడుపునొప్పి అని దవాఖానకు పోతే నాకూ ఆ మాటే చెప్తారేమో. వేసవి సెలవులకని మేనమామ ఊరికి పోయిన పిల్లలు కళ్ల ముందు కనబడ్డారు.

మా డ్రైవర్ నాకన్నా చాలా పెద్దవాడు. నేను అన్నా అంటాను, ఆయన చెల్లె అంటాడు. అద్దంలో నన్ను చూసినట్టున్నాడు, వంతెన దిగగానే బస్సు పక్కకు ఆపాడు.

"ఏమైంది చెల్లె?"

"నడుంల నొప్పి అన్నా. ఓర్సుకోలేకపోతున్న."

ఆ మాట అంటూనే తలుపు దగ్గరికి పోయి వాంతి చేసుకున్నాను. పసరు నీళ్లు తప్ప ఏమీ రాలేదు. ఆయన సీట్లోంచి లేచి వెనక్కి తిరిగి గట్టిగా చెప్పాడు.

"పెబ్బేరుల దిగెటోళ్లను దింపుత. గా తర్వాత యాడ ఆపను. సక్కగ వనపర్తి దవాఖానకు పోత. మధ్యల దిగెటోళ్లుంటే పెబ్బేరులనే దిగి ఎనుక బస్సెక్కుండ్రి."

ముందు సీట్లో రుమాలు చుట్టుకున్న ఒక పెద్దాయనకు ఇది నచ్చలేదు. "మా ఊరి కాడ ఆపకుంటే ఎట్ల? గీ ఎండల మేం నడువాల్నా?"

నాకు సీటిచ్చినామె అందుకుంది. "నీకొస్తే తెలుస్తది పెద్దాయనా నొప్పంటే ఏందో. ఎనుక బస్సొస్తది, జర ఓపిక పట్టు."

"నేనేమన్న వద్దంటినా? అడిగిన, గంతే." ఆయన నా వైపు తిరిగాడు. చెయ్యి నడుము మీద పెట్టి చూపించాడు. "ఈడ మొదలై ముందుకొస్తుందా బిడ్డా? అయితే రాయే. మా తమ్మునికి గిట్లనే అయింది. దీనితోని సావరు గని, సచ్చినట్టయితది."

ఆ మాట ఆయన ధైర్యం చెప్పడానికే అన్నాడు. నాకు మాత్రం 'సచ్చినట్టు' అన్నదొక్కటే చెవిలో పడింది.

వనపర్తిలో దవాఖాన గేటు ముందు బస్సు ఆగింది. బ్యాగు, మిషన్ అన్న చేతికిచ్చి దిగాను. సీటిచ్చినామె లోపలి దాకా వచ్చింది. ఇంజెక్షన్ ఇచ్చి సెలైన్ పెట్టారు. నొప్పి ఒక్కసారిగా పోలేదు. బిగించిన తాడు కొద్దికొద్దిగా వదులైనట్టు తగ్గింది. కళ్లు తెరిచి చూసేసరికి ఆమె వెళ్లిపోయింది. ఏ ఊరని కూడా అడగలేదు నేను.

స్కానింగ్ చేశారు. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. కాగితం చూసి నా మంచం దగ్గరికి వచ్చింది.

"రాయమ్మా. కుడి కిడ్నీ నుంచి మూత్రసంచికి వచ్చే గొట్టంలో ఇరుక్కుంది. ఐదు మిల్లీమీటర్లు."

"గర్భసంచిది కాదా మేడమ్?"

"కాదు."

ఏడుపొచ్చింది. మరుక్షణమే ఇంకో భయం పట్టుకుంది. "ఆపరేషన్ చెయ్యాల్నా?"

"ఈ సైజుది చాలామందికి దానంతట అదే పడిపోతుంది. కొందరికి రోజుల్లో పడుతుంది, కొందరికి వారాలు పట్టొచ్చు. గొట్టం వదులు కావడానికి గోలీలిస్తాను, నొప్పికి కూడా ఇస్తాను. నొప్పి ఒకసారి వచ్చి పోయేది కాదు, మళ్లీ మళ్లీ వస్తుంది. రాయి కిందికి దిగేకొద్దీ నొప్పి కూడా చోటు మారుతుంది. ఇప్పుడు నడుములో ఉంది కదా, తర్వాత పొత్తికడుపులోకి, గజ్జల దాకా వస్తుంది. మూత్రం ఎర్రగా రావొచ్చు. మాటిమాటికి పోవాలనిపించొచ్చు. వాటికి భయపడొద్దు."

"మరి దేనికి భయపడాల్నో చెప్పండి మేడమ్."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. "చలిపెట్టి జ్వరం వస్తే. మూత్రం బంద్ అయితే. గోలీ వేసినా నొప్పి తగ్గకపోతే, వాంతులు ఆగకపోతే. వీటిలో ఏదొచ్చినా ఇంటి దగ్గర కూర్చోవద్దు. ఏ దవాఖాన దగ్గరుంటే అక్కడికి వెంటనే పోవాలి. మూత్రం జాలిలో వడగట్టుకోండి. రాయి దొరికితే తీసుకురండి, ఏం రకమో పరీక్ష చేయిద్దాం."

సాయంత్రానికి మా ఆయన వచ్చి నన్ను గద్వాలకు తీసుకుపోయాడు. ఊరవతల మాకు కొంత మెట్టభూమి ఉంది. విత్తన పత్తి వేస్తాడు. ఆ రోజు దుక్కి మధ్యలో వదిలి వచ్చాడు. ఇంట్లో మా అత్తకు ఆయనే చెప్పాడు, "కిడ్నీల రాయంట అమ్మా" అని. అత్త చేతిలో చేట అట్లాగే పట్టుకుని లోపలికి పోయింది. ఆమెకు పట్టనట్టుంది అనుకుని లోపల నొచ్చుకున్నాను.

నేను అనుకున్నది తప్పని మర్నాడే తెలిసింది. చాయ్ జాలి కొత్తది కొని తెచ్చి, పాతది నాకు కేటాయించింది. రెండూ కలవకుండా దాని పిడికి ఎర్రదారం చుట్టింది. నేను బాత్రూమ్‌లోకి పోయిన ప్రతిసారీ తలుపు బయట వచ్చి నిలబడేది.

"పడ్డదా?"

"లేదత్తా."

"ఒంటికి మంచిగొస్తుందా?"

"వస్తుంది."

"ఎంతొచ్చింది? నిన్నటంతనా, తక్కువనా?"

నాకు సిగ్గు, దాని వెంటే కోపం. "అత్తా, జర నన్నిడువు" అన్నాను ఒకసారి. అక్కడి నుంచి పోయింది. మళ్లీసారికి మళ్లీ వచ్చి నిలబడింది.

రోజంతా నీళ్లు తాగడమే పని. ఏళ్ల తరబడి దాహాన్ని అణచుకున్న మనిషికి అది చెప్పినంత సులువు కాదు. సగం చెంబుకే కడుపు ఉబ్బేది. చూడవచ్చినవాళ్లు తలా ఒక మందు చెప్పారు. ఉలవలు ఉడికించిన నీళ్లు తాగమని ఒకరు, అరటిబోదె రసమని ఇంకొకరు. మా ఆయన స్నేహితుడు బీరు తాగితే రాయి కొట్టుకుపోతుందన్నాడట, ఆ మాట నాకు చెప్పడానికి మా ఆయన రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. అత్త పొలం గట్టు నుంచి కొండపిండి మొక్కలు పీక్కొచ్చి కషాయం కాచింది. గోలీల మీద అది తాగితే ఏమవుతుందో నాకు తెలియదు. దవాఖానలో అడిగినాక తాగుతానన్నాను. మూతపెట్టి గూట్లో ఉంచింది. తాగమని బలవంతం చేయలేదు.

కొన్నాళ్లు నొప్పి రాలేదు. నేను కుదుటపడాల్సింది. కానీ నొప్పి ఉన్నప్పుడు కనీసం రాయి ఎక్కడుందో తెలిసేది. ఇప్పుడది ఎక్కడుంది? కదలకుండా ఒకచోట పాతుకుపోయిందా? వంట చేస్తూ గరిటె పట్టుకుని అట్లాగే ఆగిపోయేదాన్ని, లోపల ఏమైనా కదిలిందేమో అని. తుమ్ము వస్తే భయం. పిల్లలతో ఫోన్లో మాట్లాడుతూ మధ్యలో మాట మరిచిపోయేదాన్ని.

తర్వాత ఒక పొద్దున పొత్తికడుపులో కుడిపక్క మొదలైంది. మొదటిసారంత గట్టిగా లేదు. కానీ ఏదో గీరుకుంటూ దిగుతున్నట్టు గజ్జల దాకా లాగింది. బాత్రూమ్‌కు పోతే మాంసం కడిగిన నీళ్ల రంగులో వచ్చింది. డాక్టరమ్మ ముందే చెప్పింది. చెప్పిందని నాకు తెలుసు. అయినా ఆ రంగు చూసేసరికి గోడ పట్టుకున్నాను. మా ఆయనకు చెబితే ఆయన మొహం పాలిపోయింది. "వస్తదని మేడమ్ చెప్పింది గద" అని నేనే ఆయనకు ధైర్యం చెప్పాల్సి వచ్చింది.

ఆ మధ్యాహ్నం అత్త వాకిట్లో చింతపండు కొడుతోంది. గింజలు ఒకవైపు, పండు ఒకవైపు వేస్తూ, నన్ను చూడకుండానే అంది.

"మీ మామ గిట్లనే పోయిండు."

మా మామను నేను చూడలేదు. నా పెళ్లికి చాలా ముందే పోయాడు. ఇంట్లో ఎవరిని అడిగినా కడుపునొప్పితో పోయాడనే చెప్పేవాళ్లు.

"నడుంల నొప్పి అంటుండె. ఇటుక ఎచ్చబెట్టి కాపుతుంటి. తగ్గుతుండె, మల్ల పనికి పోతుండె. గట్ల ఎన్ని నెలలు ఎల్లదీసిండో. ఆఖరుకు ఒంటికి బంద్ అయింది. కాళ్లుబ్బినయ్, మొహముబ్బింది. కర్నూలుకు తోల్కపోయినం. రెండు దిక్కుల రాళ్లున్నయ్, శానా ఆలస్యం చేసిండ్రన్నరు." చేతిలో కర్ర ఆపింది. "నాకేం తెల్సు బిడ్డా, రాయి మనిషిని సంపుతదని. నేను ఇటుక కాపుకుంట కూసున్న."

పోయి పక్కన కూర్చుని గింజలు ఏరాను. ఆ రోజు నుంచి ఆమె అడగకముందే నేనే చెప్పడం మొదలుపెట్టాను. మంచిగొచ్చింది అత్తా, తక్కువొచ్చింది అత్తా అని. కానీ నా భయం మాత్రం ఆమె మాటతో రెట్టింపైంది. అద్దంలో మొహం చూసుకున్నప్పుడల్లా కళ్ల కింద వాపు ఉందేమో అని వేలితో నొక్కి చూసుకునేదాన్ని.

జ్వరం వచ్చిన రోజు మా ఆయన పొలంలో ఉన్నాడు. అన్నం తిని పడుకున్నాను. బయట వడగాలి కొడుతోంది, నాకేమో చలి మొదలైంది. దుప్పటి కప్పుకున్నా పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. అది ఏమిటో నాకు తెలుసు. తెలిసీ ఇంకేదో అయితే బాగుండునని కోరుకున్నాను.

"వడదెబ్బేమో అత్తా. ఒక జ్వరం గోలీ ఏసుకుంటే పోతది."

అత్త నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "లే."

"ఆయన రానీ."

"ఆయనొచ్చెదాక ఉండం. సలిజ్వరమొస్తే ఇంట్ల కూసోవద్దన్నదా లేదా డాక్టరమ్మ? లే బిడ్డా, లే."

మగవాళ్లు ఎదురైతే కొంగు నెత్తిమీదికి లాక్కుని పక్కకు తప్పుకునే మనిషి మా అత్త. ఆ రోజు చెప్పులు కూడా లేకుండా రోడ్డు నడిమధ్యన నిలబడి రెండు చేతులు చాపి ఆటో ఆపింది. అందులో అప్పటికే మనుషులున్నారు. "మా కోడలికి పానం బాగలేదు, దిగుండ్రయ్యా" అంది. ఎవరూ ఎదురు చెప్పలేదు. దిగినవాళ్లలో ఒకతను నన్ను ఎక్కించడానికి చెయ్యి కూడా ఇచ్చాడు.

గద్వాల దవాఖానలో డాక్టర్ నన్ను ఏదో అడగబోయాడు. నేను నోరు తెరిచేలోపే అత్త చెప్పేసింది. "రాయి ఉన్నది సారూ. సలిజ్వరమొచ్చింది. పొద్దుగాల నుంచి ఒంటికి తక్కువొస్తుంది." ఆయన కలం పక్కన పెట్టి లేచాడు. వెంటనే మంచం చూపించారు, రక్తం తీసుకున్నారు, సెలైన్‌లో మందులు ఎక్కించారు. మళ్లీ స్కానింగ్.

డాక్టర్ విషయం దాచకుండా చెప్పాడు. "రాయి మూత్రసంచి నోటి దగ్గరికి వచ్చి ఆగింది. పైన కిడ్నీ ఉబ్బింది, ఇన్ఫెక్షన్ మొదలైంది. ఇది ఆలస్యం చేసేది కాదు. మహబూబ్‌నగర్ పంపిస్తున్న, అంబులెన్స్‌కు చెప్పిన. అక్కడ లోపల సన్నగొట్టం పెట్టి మూత్రానికి దారి చేస్తరు. భయపడకండి."

మా ఆయనకు ఫోన్ కలవడం లేదు. పొలంలో సిగ్నల్ ఉండదు. అత్త మంచం పక్కన నిలబడి నా పాదాలు రుద్దుతోంది. ఆమె చేతులు నా పాదాలకన్నా చల్లగా ఉన్నాయి. ఈ కిడ్నీ పోతే ఇంకొకటి ఉంటుంది కదా అని ఒకవైపు లెక్క వేసుకుంటున్నాను, మామకు రెండు వైపులా వచ్చాయి కదా అని ఇంకోవైపు. అంబులెన్స్ ఇంకా రాలేదు.

అంతలో ఒంటికి పోవాలనిపించింది. ఆగలేనంతగా. అత్త సెలైన్ సీసా పైకెత్తి పట్టుకుని బాత్రూమ్ దాకా నడిపించింది. ఆటో ఎక్కే తొందరలో కూడా జాలిని కొంగులో ముడివేసుకుని తెచ్చింది. అది నా చేతికిచ్చి, సీసా పట్టుకున్న చెయ్యి తలుపు సందులోంచి లోపలికి పెట్టి, తాను బయట నిలబడింది.

మొదట చుక్కలు చుక్కలుగా మంట. తర్వాత అదీ ఆగిపోయింది. బంద్ అయింది అనుకున్నాను. కళ్లు మూసుకుని గోడకు చెయ్యి ఆనించాను. ఉన్నట్టుండి లోపల సూదితో గుచ్చినట్టయి, ఒక్క ధారగా వచ్చేసింది. జాలి మీద టిక్కుమని చిన్న చప్పుడు.

బయట నుంచి అత్త గొంతు. "ఏంది గది? ఏందే?"

"పడ్డది అత్తా."

బయటికి వచ్చి చూపించాను. మిరియపు గింజంత ఉంది. మట్టిరంగు, చుట్టూ పల్లేరుకాయకున్నట్టు మొనలు. అత్త దాన్ని కడిగి అరచేతిలో వేసుకుంది. వెలుతురులోకి తిప్పి చూసింది.

"గింతేనా?" అంది. ఇంకోసారి అంది, "గింత దానికా?"

అట్లాగే గోడకు జారగిలబడి నేల మీద కూర్చుంది. ఏడ్చింది. వార్డులో జనం తిరిగి చూస్తున్నారు, ఆమె పట్టించుకోలేదు. అరచెయ్యి మాత్రం మూసి గుండెకు అదుముకుంది, రాయి పడిపోకుండా. నాకు ఏడుపు రాలేదు. సెలైన్ సీసా నేనే పైకెత్తి పట్టుకుని ఆమె పక్కన నిలబడ్డాను. ఆమె ఎవరి కోసం ఏడుస్తోందో నాకు తెలుసు.

మళ్లీ స్కానింగ్ చేసి గొట్టం ఖాళీ అయిందన్నారు. మహబూబ్‌నగర్ పోవాల్సిన పని లేకపోయింది. జ్వరం పూర్తిగా దిగేదాకా అక్కడే ఉంచుకున్నారు. మా ఆయన ఒంటి మీద దుమ్ముతోనే పరుగెత్తుకుంటూ వచ్చాడు, తల్లి ఏడ్చి ఉబ్బిన మొహం చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. "పడ్డది రా, కోడలు మంచిగున్నది" అని ఆమె అరిచి చెప్పేదాకా లోపలికి రాలేదు.

మళ్లీ డ్యూటీలో చేరాను. మా డ్రైవరన్న, "నువ్వు ఎక్కినంకనే బండి కదులుతది చెల్లె, ఎవడేమన్న అననీ" అన్నాడు. ఇప్పుడు వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో దిగి పోయి వస్తాను. సీట్లలోంచి గొణుగుతారు. గొణగనిస్తాను. మూత్రం ముదురు పసుపు రంగుకు వస్తే దాహం లేకపోయినా తాగుతాను.

కొన్ని నెలలయ్యాక వనపర్తి డాక్టరమ్మ రమ్మంటే, అత్తను కూడా వెంట తీసుకుపోయాను. ఆమెకూ స్కానింగ్ చేయించాను. ఏమీ లేదన్నారు. "ఏం లేదన్నరా? మంచిగ సూసిండ్రా?" అని రెండుసార్లు అడిగింది. నా రాయి పరీక్ష కాగితం చూసి డాక్టరమ్మ ఉప్పు తగ్గించమంది, నీళ్లు ఇట్లాగే తాగమంది. తర్వాత అత్తను బయట కూర్చోమని, నాకు మళ్లీ స్కానింగ్ చేస్తూ తెర మీద వేలు పెట్టి చూపించింది.

"ఎడమ కిడ్నీలో ఇసుక రేణువంత ఒకటి ఉంది. ఇప్పుడు దానితో ఏ ఇబ్బందీ లేదు. ఏళ్ల తరబడి అట్లాగే ఉండిపోవచ్చు."

"ఎప్పుడు కదులుతదో తెలుస్తదా మేడమ్?"

"చెప్పలేమమ్మా."

తిరుగు బస్సులో ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. అత్తకు చెప్పాలా వద్దా అని పెబ్బేరు దాకా ఆలోచించి, చెప్పాను. ఆమె కిటికీలోంచి చూపు తిప్పింది.

"ఎడమ దిక్కా?"

"ఎడమ దిక్కే అత్తా."

నా నడుము వైపు కాసేపు చూసింది. తర్వాత నా ఒళ్లో ఉన్న సంచి తీసి తన ఒళ్లో పెట్టుకుంది.